హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఎంత దూరం, ఎంతసేపు

శంషాబాదు విమానాశ్రయం నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి ఆకాశమార్గాన దూరం సుమారు 1,262 కిలోమీటర్లు. ఈ దారిలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 రకం విమానం పైకెక్కి నిలకడగా సాగేటప్పుడు గంటకు దాదాపు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే గంటా 31 నిమిషాలు వస్తుంది. టికెట్ మీద చూస్తే రెండుంపావు గంటలకు అటూ ఇటూగా ఉంటుంది. విమానం వేళకు బయలుదేరి వేళకు చేరిన రోజున కూడా, బడిలో నేర్చిన భాగహారానికీ టికెట్‌కూ మధ్య ముప్పావు గంట తేడా వస్తుంది. ఆ ముప్పావు గంట ఎక్కడ ఖర్చవుతుందో చూడాలంటే ముందు ఆ 1,262 అనే అంకె ఎలా వచ్చిందో తెలియాలి.

ప్రతి విమానాశ్రయానికీ కొలతల కోసం ఒక బిందువును ఖాయం చేసి ఉంచుతారు. దూరాన్ని ఆ బిందువు నుంచే లెక్కకడతారు తప్ప టెర్మినల్ గుమ్మం నుంచి కాదు. శంషాబాదు బిందువు 17 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఢిల్లీది 28 డిగ్రీల 34 నిమిషాల మీద ఉంది. రెండింటికీ తేడా 11 డిగ్రీల 20 నిమిషాలు, అంటే 680 నిమిషాలు. పైలట్లు దూరాన్ని కిలోమీటర్లలో కాక నాటికల్ మైళ్లలో చెప్పుకుంటారు. అక్షాంశంలో ఒక నిమిషం మేర దూరమే ఒక నాటికల్ మైలు అన్నది దాని పుట్టుక. 1929లో దాన్ని కచ్చితంగా 1,852 మీటర్లుగా స్థిరపరిచారు. ఢిల్లీ హైదరాబాదుకు దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది కాబట్టి ఇక్కడ కాగితం, పెన్సిలు ఉంటే చాలు. అక్షాంశాల తేడా 680 నిమిషాలు, దూరం సుమారు 681 నాటికల్ మైళ్లు. కంప్యూటర్ చెప్పే అంకెకూ ఈ చేతిలెక్కకూ తేడా ఒక్క మైలే.

అన్ని జంటలకూ ఇంత సులువుగా కుదరదు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి గోడమీది పటంలో స్కేలు పెట్టి గీసిన గీత అతి దగ్గరి దారి కాదు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం పెట్టి బిగించి లాగితే, ఆ దారం ఎక్కడ సర్దుకుంటుందో అదే అతి దగ్గరి దారి. దీన్ని మహావృత్త మార్గం అంటారు. పైగా భూమి పూర్తి గోళం కూడా కాదు, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయింది. గోళమే అనుకుని లెక్కిస్తే హైదరాబాదు, ఢిల్లీ మధ్య దూరం మరో అయిదు కిలోమీటర్లు ఎక్కువ వస్తుంది. అందుకే రెండు పుస్తకాల్లో రెండు అంకెలు కనబడితే ఏదో ఒకటి తప్పని అనుకోనక్కర్లేదు.

భూమికున్న ఈ నొక్కుడును మనదేశంలో కొలిచిన కథకూ ఈ విమానమార్గానికీ దగ్గరి చుట్టరికం ఉంది. 1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు దగ్గర పరంగిమలై అనే కొండ పక్కనున్న చదునునేల మీద ఉక్కు గొలుసు పరిచి ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలిచాడు. ఆ కొండ పక్కనే ఇప్పుడు చెన్నై విమానాశ్రయం ఉంది. ఆ రేఖతో మొదలైన త్రికోణమితి సర్వే 78వ రేఖాంశాన్ని పట్టుకుని కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా సాగింది. హైదరాబాదు నుంచి నాగపూరు వెళ్తూ 1823 జనవరిలో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. ఆ తర్వాత పనిని జార్జ్ ఎవరెస్ట్ అందుకుని హిమాలయాల పాదాల దాకా తీసుకెళ్లాడు. గొలుసులతో, కోణాలు కొలిచే అర టన్ను బరువున్న థియోడొలైటుతో, జ్వరాలకు మనుషులు రాలిపోతుండగా దశాబ్దాలపాటు నడిచిన ఆ గీత వెంబడే నేటి ఢిల్లీ విమానం దాదాపుగా ఎగురుతుంది. శంషాబాదు నుంచి దారం లాగితే అది నిజామాబాదుకు కొంచెం తూర్పుగా, ఆదిలాబాదుకు పడమరగా, అమరావతి అనే విదర్భ పట్టణానికి తూర్పుగా, బేతుల్ మీదుగా, భోపాల్‌కు తూర్పున, భరత్‌పూర్‌కు పడమరన సాగి ఢిల్లీ చేరుతుంది. రైలు పట్టాల మీద ఇదే ప్రయాణం 1,600 కిలోమీటర్లు దాటుతుంది, ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది.

ఇక సమయం సంగతి. టికెట్ మీది సమయం విమానం గాలిలో ఉండే సమయం కాదు. విమానాలు నిలిపే చోటును బే అంటారు. బేలో నిలిచిన విమానం చక్రాల ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టి ఉంచుతారు. వాటిని చాక్స్ అంటారు. తలుపులు మూసి, ఆ దిమ్మలు లాగేసి, ముందు చక్రానికి తగిలించిన ట్రాక్టర్ విమానాన్ని వెనక్కి నెట్టడం మొదలుపెట్టిన క్షణాన లెక్క మొదలవుతుంది. ఢిల్లీలో బేలో ఆగి మళ్లీ దిమ్మలు పెట్టిన క్షణాన ముగుస్తుంది. ఈ మొత్తాన్ని విమానయాన రంగంలో బ్లాక్ టైమ్ అంటారు. చక్రాలు నేలను వదిలినప్పటి నుంచి తాకేవరకు ఉండే సమయం ఇందులో ఒక భాగమే. నేల మీద తిరుగుడుకే రెండు చివర్లా కలిపి 20 నుంచి 30 నిమిషాలు పోవడం మామూలు.

ఆ తిరుగుడు చిన్న విషయమేమీ కాదు. వెనక్కి నెట్టాక ఇంజన్లు ఒక్కొక్కటిగా అందుకోవాలి, ట్రాక్టర్‌ను విడదీయాలి, నేలమీది మనిషి బొటనవేలు పైకెత్తి చూపాలి, ఆ తర్వాతే కదలిక. రన్‌వేకు తీసుకుపోయే టాక్సీవే మీద విమానం పట్నంలో ఆటో పోయినంత వేగంతోనే పోతుంది. ఢిల్లీలో నాలుగు రన్‌వేలున్నాయి. కొన్నింటికీ టెర్మినళ్లకూ మధ్య కిలోమీటర్ల దూరం ఉంది. 2023 జూలైలో అక్కడ విమానాలు నడిచే ఎత్తయిన టాక్సీవే వంతెనను ప్రారంభించారు. మూడో రన్‌వే మీద దిగి ఒకటో టెర్మినల్‌కు పోవలసిన విమానం అంతకుముందు 9 కిలోమీటర్లు చుట్టి రావలసి వచ్చేది. వంతెన వచ్చాక అది 2 కిలోమీటర్లకు తగ్గింది. ఏ విమానమూ వేగంగా ఎగరకుండానే నిమిషాలు మిగిల్చిన పని అది. ఇలాంటి వాటికి రావలసినంత పేరు రాదు.

విమానం గాలిలోకి లేచాక కూడా వెంటనే 830 అందుకోదు. పది వేల అడుగుల ఎత్తు దాటేదాకా గంటకు 250 నాటికల్ మైళ్లకు మించకూడదన్నది మామూలు నియమం. అది 463 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఎక్కుతూ 34 వేలు, 36 వేల అడుగులు చేరడానికి మొత్తం ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. ఎంత ఎత్తున ఎగరాలన్నది కూడా పైలట్ ఇష్టం కాదు. తూర్పు సగం దిక్కుల వైపు పోయేవి 33, 35, 37 వంటి బేసి వేల అడుగుల్లో, పడమర సగం వైపు పోయేవి 34, 36, 38 వంటి సరి వేల అడుగుల్లో ఎగరాలి. ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలు ఒకే ఎత్తులో ఉండకూడదని ఈ ఏర్పాటు. హైదరాబాదు నుంచి ఢిల్లీ దారి ఉత్తరం నుంచి ఆరు డిగ్రీలు మాత్రమే పడమరకు ఒరిగింది. ఆ ఆరు డిగ్రీల వల్లే అది సరిసంఖ్యల దారి అయింది. తిరిగి వచ్చేటప్పుడు అదే విమానం బేసి ఎత్తులో వస్తుంది.

గ్లోబు మీద బిగించిన దారం వెంట విమానం అచ్చంగా పోదు. గాలిలో కూడా బాటలున్నాయి. అయిదు ఇంగ్లిష్ అక్షరాల పేర్లు పెట్టిన ఊహాబిందువుల నుంచి బిందువుకు ఆ బాటలు గీసి ఉంటాయి. మనదేశపు గగనతలాన్ని ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై అని నాలుగు ప్రాంతాలుగా విభజించారు. ఒక ప్రాంతపు నియంత్రణ కేంద్రం విమానాన్ని మరో కేంద్రానికి అప్పగిస్తూ పోతుంది. దారిలో వైమానిక దళం అభ్యాసాలకు కేటాయించిన గగనతలం తగిలితే పక్కకు తప్పుకోవాలి. 2020 మే నెలలో కేంద్ర ఆర్థిక మంత్రి చేసిన ప్రకటన ప్రకారం దేశ గగనతలంలో పౌర విమానాలకు స్వేచ్ఛగా అందుబాటులో ఉన్నది 60 శాతమే. మిగతాదాంట్లో ఆంక్షలు సడలిస్తే ఏటా వెయ్యి కోట్ల రూపాయలు ఆదా అవుతాయని అప్పుడు అంచనా వేశారు. గీతను నాలుగు కిలోమీటర్లు తిన్నగా చేయడం వల్ల వచ్చేది చిల్లర లాభమే అనిపిస్తుంది గానీ, రోజుకు వేల విమానాలు తిరిగేచోట ఆ చిల్లరే కోట్లవుతుంది.

దేశాల మధ్య అయితే ఈ చుట్టుతిరుగుడు గంటల్లోకి వెళ్తుంది. 2019 ఫిబ్రవరి చివర నుంచి జూలై నడుమ దాకా పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసినప్పుడు ఢిల్లీ నుంచి ఐరోపాకు పోయే విమానాలు ముందు దక్షిణంగా గుజరాత్ వైపు దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టి పోయాయి. 2025 ఏప్రిల్‌లో భారత విమాన సంస్థలకు మళ్లీ ఆ దారి మూతపడింది. 2022లో రష్యా మీదుగా దారి మూసుకుపోయాక హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల లోపు అయ్యే ప్రయాణం 13 గంటల దాకా సాగింది. ఆ రెండు నగరాల మధ్య దూరం మాత్రం అంగుళం కూడా మారలేదు.

ఇన్నింటిలోకీ గాలి మాట వేరు. విమానం కొలిచే వేగం తన చుట్టూ ఉన్న గాలితో పోల్చుకున్న వేగం. ఆ గాలే కదులుతూ ఉంటే నేలతో పోల్చిన వేగం మారిపోతుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద, హిమాలయాలకు దక్షిణంగా, సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఒక గాలి ఏరు పారుతుంది. దాని పేరు జెట్ స్ట్రీమ్. అందులో గంటకు 150 కిలోమీటర్లు దాటిన వేగం అరుదేమీ కాదు. దీని బలం చూడాలంటే ఢిల్లీ, కోల్‌కతాల జంటను తీసుకోవాలి. వాటి మధ్య దూరం సుమారు 1,310 కిలోమీటర్లు, అంటే హైదరాబాదు ఢిల్లీల దూరానికి దాదాపు సమానం. గాలే లేకపోతే గంటకు 830 చొప్పున 95 నిమిషాలు పట్టాలి. గాలి 150 కిలోమీటర్ల వేగంతో వెనక నుంచి తోస్తే కోల్‌కతాకు 80 నిమిషాల్లో చేరవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురై 116 నిమిషాలు తీసుకుంటుంది.

పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోయింది, చెల్లుకు చెల్లు అనుకుంటే పొరపాటు. గాలి లేని రోజున రానూపోనూ 190 నిమిషాలు. గాలి ఉన్న రోజున 196. వెనకగాలి మేలు చేసేది 80 నిమిషాలపాటే, ఎదురుగాలి కీడు చేసేది 116 నిమిషాలపాటు. కీడు చేసే గాలిలోనే విమానం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి లెక్క ఎన్నటికీ సమం కాదు.

హైదరాబాదు నుంచి ఢిల్లీకి పోయే విమానానికి ఈ గాలి అడ్డంగా తగులుతుంది. గోదావరిలో అవతలి రేవుకు పోయే పడవవాడు ముక్కును రేవు మీద పెట్టడు. ఎగువకు పెట్టి నడిపితే ప్రవాహం దిగువకు లాగి సరిగ్గా రేవుకు చేరుస్తుంది. విమానం కూడా ముక్కును కాస్త పడమరకు తిప్పుకుని ఉత్తరానికి పోతుంది. అడ్డుగాలి 150 ఉన్నా 830 వేగంలో తగ్గేది 14 కిలోమీటర్లే. అందుకే కోల్‌కతా దారిలో 36 నిమిషాలు తిప్పేసే గాలి, ఈ దారిలో నిమిషం, నిమిషంన్నరతో సరిపెట్టుకుంటుంది. కాలాలు మారినా ఢిల్లీ విమానం సమయం పెద్దగా మారకపోవడానికి కారణం ఈ దిక్కే.

వానాకాలంలో ఆ పడమటి ఏరు హిమాలయాల అవతలికి తప్పుకుంటుంది. అప్పుడు దక్షిణ భారతం మీద, ఇంకా ఎత్తున, తూర్పు నుంచి పడమరకు మరో ఏరు పుడుతుంది. నైరుతి రుతుపవనాలతో ముడిపడిన ఈ తూర్పు జెట్‌ను 1958లో పరిశోధన పత్రంలో వివరించినవాడు తెలుగువాడు పి. కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ఈ ఏరు నడిబొడ్డు 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి ప్రయాణికుల విమానాలకు తగిలేది దాని అంచే. అయినా ఆ నెలల్లో దక్షిణాదిన తూర్పు పడమరల లెక్క తలకిందులు కావడానికి అది చాలు.

గాలిని నమ్ముకుని కావాలనే దూరపు దారి పట్టిన సందర్భం కూడా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ దారి తెలుగువారికి కొత్తది కాదు. ఢిల్లీ నుంచి అక్కడికి గ్లోబు మీద దారం బిగిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు. అది ఉత్తరంగా రష్యా మీదుగా ఆర్కిటిక్ దాకా ఎక్కి అలాస్కా వైపు దిగుతుంది. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఆగకుండా పోయే విమానాన్ని మొదలుపెట్టినప్పుడు పడమరగా అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు నడిపింది. 2016 అక్టోబరులో దిక్కు మార్చి తూర్పుగా పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు నడిపింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. భూమి తిరిగే దిక్కుకే పై గాలులూ వీస్తాయి. వాటితో కలిసి పోయినందుకు వచ్చిన ఫలితం ఇది.

ఢిల్లీ విమానం దగ్గరికి మళ్లీ వస్తే, 36 వేల అడుగుల నుంచి దిగడం గమ్యానికి 200 కిలోమీటర్ల ముందే మొదలవుతుంది. ప్రతి వెయ్యి అడుగులకూ మూడు నాటికల్ మైళ్లు కావాలని పైలట్ల చేతిలెక్క. ఢిల్లీ రన్‌వేలన్నీ కాస్త అటూ ఇటూగా తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగా దిగాలి. పడమటి గాలి వీచే రోజున దక్షిణం నుంచి వచ్చిన విమానం ఊరిని దాటి తూర్పుకు పోయి, తిరిగి పడమరకు ముఖం పెట్టి వరుసలో చేరాలి. కిటికీ పక్కన కూర్చున్నవారికి ఢిల్లీ దీపాలు కనబడి ఎంతసేపైనా విమానం దిగకపోవడానికి ఇదే కారణం. వరుస పెద్దదైతే ఒకచోట చక్కర్లు కొట్టమంటారు. గుర్రప్పందేల మైదానం ఆకారంలో ఒక నిమిషం తిన్నగా, ఒక నిమిషం మలుపు, మళ్లీ ఒకటి తిన్నగా, మళ్లీ ఒకటి మలుపు. ఒక చుట్టుకు నాలుగు నిమిషాలు. అయిదు చుట్లు తిరిగితే బడిలెక్కకు అందని ఇరవై నిమిషాలు పోయినట్లే.

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పొగమంచు దిగితే ఈ లెక్కలేవీ నిలవవు. ఢిల్లీలో ఉన్న పరికరాలతో, తగిన శిక్షణ ఉన్న పైలట్లు రన్‌వే మీద 50 మీటర్లు కనిపించినా దిగగలరు. బయలుదేరడానికి మాత్రం 125 మీటర్లు కనబడాలి. దిగిన విమానాలు పోలేవు, అవి పోకపోతే బేలు ఖాళీ కావు, బేలు లేకపోతే వచ్చేవాటికి చోటు లేదు. ఆ చిక్కు హైదరాబాదు దాకా పాకుతుంది. ఇక్కడ ఎండ కాస్తున్నా ఢిల్లీ విమానం కదలకపోవడానికి కారణం చాలాసార్లు అదే. అందుకే ఇంధనం ఎప్పుడూ దూరానికి సరిపడా మాత్రమే పోయరు. ప్రయాణానికి కావలసింది, అనుకోని ఖర్చుకు దానిలో 5 శాతం, ఢిల్లీలో దిగలేకపోతే జైపూరో లక్నోవో పోవడానికి కావలసింది, ఆపైన 30 నిమిషాలు గాలిలో నిలవడానికి సరిపడేది కలుపుతారు.

ఈ అనుభవాలన్నీ కలిపే విమాన సంస్థలు టికెట్ మీది సమయాన్ని నిర్ణయిస్తాయి. గడిచిన సీజన్లలో అదే వేళకు అదే దారిలో ఎంత పట్టిందో చూసి కొంత వెసులుబాటు కలుపుతాయి. ప్రకటించిన వేళ దాటి 15 నిమిషాల లోపు వస్తే సమయానికి వచ్చినట్లే లెక్క. వెసులుబాటు ఎక్కువ కలిపితే వేళకు చేరిన విమానాల శాతం కాగితం మీద పెరుగుతుంది, ప్రయాణం వేగవంతమైనట్టు కాదు. రెండు సంస్థలు ఒకే దారికి పది నిమిషాల తేడాతో సమయం ప్రకటిస్తే, తక్కువ చెప్పినదాని విమానం వేగమైనదని అనుకోకూడదు.

దూరం తగ్గితే సమయం అదే వంతున తగ్గదు. శంషాబాదు నుంచి గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయానికి గాలిదూరం సుమారు 265 కిలోమీటర్లు, అంటే ఢిల్లీ దూరంలో అయిదో వంతుకు కొంచెం పైన. బ్లాక్ టైమ్ మాత్రం దాదాపు గంట, ఢిల్లీ సమయంలో సగానికి దగ్గర. సగటున గంటకు 265 కిలోమీటర్లే పడింది. ఢిల్లీ ప్రయాణంలో ఆ సగటు 560. నేల మీద తిరుగుడు, ఎక్కడం, దిగడం ఎంత దూరానికైనా తప్పని ఖర్చు. దూరప్రయాణంలో అది పలచబడుతుంది, దగ్గరి ప్రయాణంలో అదే ప్రయాణమంతా అవుతుంది. దీనికి శంషాబాదు చేరే సమయం, గంట ముందే మూసే చెక్-ఇన్ కౌంటరు, గన్నవరం నుంచి విజయవాడ ఊళ్లోకి పోయే దారి కలిపితే, హైదరాబాదు తూర్పు శివార్లలో ఉండేవారికి బస్సే మంచి లెక్క.

చివరగా గడియారం. టికెట్ మీద బయలుదేరే వేళ ఆ ఊరిది, చేరే వేళ ఈ ఊరిది. దేశంలో ఒకే సమయం కాబట్టి ఢిల్లీ ప్రయాణంలో ఇది తెలియదు. శంషాబాదు నుంచి దుబాయ్‌కి సుమారు 2,550 కిలోమీటర్లు. నిజామాబాదు, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవారికి అలవాటైన దారి అది. హైదరాబాదులో ఉదయం 10 గంటలకు కదిలిన విమానం నాలుగు గంటలు ప్రయాణిస్తే అక్కడి గడియారం మధ్యాహ్నం 12:30 చూపిస్తుంది. దుబాయ్ సమయం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. గడియారాలను బట్టి చూస్తే పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు దాదాపు అయిదు గంటలు పట్టినట్టు ఉంటుంది. చలికాలపు పడమటి గాలి మాత్రం ఇంటికి వచ్చేవారికే తోడుంటుంది. గడియారం ఎంత ఎక్కువ చూపినా, తిరుగు విమానం గాలిలో గడిపే సమయం పోయినప్పటికంటే అరగంట దాకా తక్కువే.